కిటికీ జాలీ విషయంలో జరిగిన పొరపాటు: మా ఖాతాదారులకు ఒక ఉత్తరం

ముందుగా అవసరమైన మాట. ఈ ఏడాది ఫిబ్రవరి నుంచి జూన్ వరకు మా దుకాణం తరఫున తొమ్మిది ఇళ్ల కిటికీలకు, బాల్కనీలకు బిగించిన జాలీ బిల్లులో రాసినట్టు స్టెయిన్‌లెస్ స్టీలు కాదు, అల్యూమినియం. ఆ జాలీని చీల్చుకుని రెండు పిల్లులు బయటపడ్డాయి. ఒకటి రెండో అంతస్తు నుంచి కింద పడింది, ఇంకొకటి ఆరు రోజులు కనిపించకుండా పోయింది. రెండూ బతికే ఉన్నాయి. ఆ నెలల్లో మా చేత జాలీ పెట్టించుకున్నవారు దయచేసి ఈ ఉత్తరం పక్కన పెట్టి, ముందు ఆ కిటికీల రెక్కలు మూసి గడియ వేసి రండి. మిగిలినది తరువాత చదవవచ్చు.

బరంపురంలో మా కొట్టు మా నాన్నగారి కాలం నుంచి దాణా కొట్టు. తవుడు, చెక్క, ఉలవలు అమ్మిన చోటనే ఇప్పుడు కుక్కల, పిల్లుల మేత కూడా అమ్ముతున్నాము. పిల్లులను ఇవ్వడం మాకు వ్యాపారం కాదు. బజారులోను, గోదాముల వెనుకను దొరికిన కూనలను వెనుక గదిలో రెండు వారాలు విడిగా ఉంచి, టీకాలు వేయించి, వయసు వచ్చినవాటికి ఆపరేషన్ చేయించి, అడిగినవారికి ఊరికే ఇస్తున్నాము. షరతు ఒక్కటే: పిల్లి ఇంట్లోనే ఉండాలి, అందుకు కిటికీలకు ముందే జాలీ బిగించి ఉండాలి. ఈ షరతు నేను ఎక్కడో చదివి పెట్టినది కాదు. మా కొట్టులో ఎలుకల కోసం తిరిగే పిల్లి ఒకటి ఉండేది. పక్క గోదాములో మందు తిని తూలుతున్న ఎలుకను పట్టుకుని తిన్నది, నాలుగైదు రోజులకు ముక్కు వెంట నెత్తురు కారి తవుడు బస్తాల మీదనే ప్రాణం విడిచింది. ఆనాటి నుంచి బయట తిరిగే పిల్లిని ఎవరికీ ఇవ్వలేదు.

ఇనుప ఊచలు ఉంటే చాలు, పిల్లి బయటికి పోదని మన వాళ్లు అనుకుంటారు. తల పట్టిన సందులోంచి సాధారణంగా పిల్లి ఒళ్లు కూడా జారిపోతుంది, ఎందుకంటే మెడ కింద భుజం దగ్గర ఉండే దాని జత్రుక ఎముక మనకు ఉన్నట్టు మిగతా ఎముకలకు అతికి ఉండదు. దోమల కోసం కట్టే నైలాన్ వలను గోళ్లతో చీలుస్తుంది. పావురాల కోసం కట్టే వలను పళ్లతో కొరుకుతుంది. జింకు పూసిన ఇనుప జాలీ గట్టిదే, కానీ గోపాలపురం సముద్రం మనకు పదహారు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మా కొట్టు రేకులు ఎగిరిపోవడం అటుంచి, ఆ తరువాత కొద్ది ఏళ్లలోనే పెరటి కోళ్ల గూటి జాలీ చేత్తో నలిపితే పొడిగా రాలేటంత తుప్పు పట్టింది. ఉప్పు గాలికి ఇనుము కంటే బాగా తట్టుకునేది స్టెయిన్‌లెస్ స్టీలు అని అప్పుడు నిశ్చయించుకుని, నాలుగేళ్లుగా అందులో 304 అనే రకం తెప్పించి, తెచ్చిన ధరకే మీకు బిగిస్తున్నాను. ఆ జాలీలో ఒక్కటి కూడా ఇప్పటికీ చిరగలేదు.

ఆగస్టులో ఒక గురువారం సాయంత్రం, మా దగ్గర మిరియం అనే నల్ల పిల్లిని తీసుకున్న ఒక ఉపాధ్యాయురాలు ఫోను చేశారు. సన్‌షేడ్ మీద వాలిన పావురం మీదికి దూకబోయి, మిరియం రెండో అంతస్తు కిటికీలోంచి కింద పడిందట. కింది దవడ నడిమికి చీలింది, ముందు కాలు విరిగింది, ఊపిరితిత్తులకు దెబ్బ తగిలింది. నేను ఆ సమయంలో అడగవలసినది పిల్లి ఎలా ఉందని. అడిగినది మాత్రం, "టీచరుగారూ, గడియ సరిగ్గా వేశారా?" అని. గడియ వేసే ఉందని, జాలీయే చిరిగిందని ఆవిడ చెప్పారు. "స్టీలు జాలీ చిరగదండీ" అన్నాను. ఆవిడ మరి మాట్లాడలేదు.

మర్నాడు ఉదయం అయస్కాంతం జేబులో వేసుకుని వాళ్లింటికి వెళ్లాను. నిజం తెలుసుకోవడానికి వెళ్లానని ఇప్పుడు రాస్తే అది అబద్ధమవుతుంది, నేను వెళ్లినది నా మాట నెగ్గించుకోవడానికి. మంచి స్టెయిన్‌లెస్ స్టీలుకు అయస్కాంతం అంటుకోదు, అంటుకున్నా చాలా బలహీనంగా అంటుకుంటుంది. ఇనుముకైతే చటుక్కున పట్టుకుంటుంది. నాలుగేళ్లుగా ప్రతి చుట్టనూ నేను ఇలాగే పరీక్షించి తీసుకుంటున్నాను. ఆవిడ ఎదుట, ఆవిడ పిల్లల ఎదుట, చిరిగిన జాలీ మీద అయస్కాంతం పెట్టి చూపించాను. అంటుకోలేదు. "చూశారా, స్టీలే" అన్నాను. అయస్కాంతం అల్యూమినియానికి కూడా అంటుకోదన్న సంగతి బడిలో చదువుకున్న ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ గదిలో మాత్రం గుర్తుకు రాలేదు, గుర్తుకు రావాలని నేను కోరుకోనూ లేదు.

కొట్టుకు తిరిగి వచ్చి ఈ కథంతా కాస్త గొప్పగానే చెబుతుంటే, జాలీలు బిగించే మా కుర్రవాడు నెమ్మదిగా, "అయ్యా, ఈసారి ఒచ్చిన చుట్ట నానొక్కన్నే ఎత్తీసినాను గదేటి. మునపటియి ఇద్దరం మోసీవోళ్లం" అన్నాడు. ఈ మాట అతడు ఫిబ్రవరిలోనే ఒకసారి అన్నాడు. కొత్తగా వస్తున్న సరుకు అలాగే ఉంటుందని అప్పుడు నేను కొట్టిపారేశాను. ఈసారి పాత జాలీ నుంచి ఒక మూర, కొత్త జాలీ నుంచి ఒక మూర చదరంగా కత్తిరించి, దాణా తూచే కాటా మీదనే పెట్టాము. కన్ను సమానం, తీగ మందం సమానం, బరువు మాత్రం పాతది కొత్తదానికి దాదాపు మూడింతలు. అల్యూమినియం కిటికీలు చేసే పక్క కొట్టు మేస్త్రి ఇంకొక పరీక్ష చూపించాడు. కాస్టిక్ సోడా కలిపిన నీళ్లలో రెండు ముక్కలూ వేస్తే స్టీలు ముక్క కదలకుండా పడి ఉంది, రెండోది బుసబుసా బుడగలు కక్కింది. (మీరు ఇంట్లో ఈ పరీక్ష చేయకండి. ఆ నీళ్లు ఒంటి మీద పడితే చర్మం కాలిపోతుంది, పిల్లి ఉన్న ఇంట్లో అసలే వద్దు.) టీచరుగారి కిటికీకి వెళ్లి మళ్లీ చూస్తే, స్క్రూల చుట్టూ తెల్లటి పొడి కట్టి, అక్కడి తీగ గోటితో గిల్లితే తెగుతోంది. స్టీలు స్క్రూ, అల్యూమినియం తీగ, మధ్యన ఉప్పు తేమ: ఈ మూడూ కలిస్తే తినుకుపోయేది అల్యూమినియమే. పిల్లి చీల్చినది జాలీ నడిమిన కాదు, ఆ స్క్రూల వరస వెంట.

ఇక నాకు సిగ్గు తెచ్చే భాగం. సంగతి తేలినది శనివారం. మిగిలిన ఎనిమిది ఇళ్లకు అదే సాయంత్రం కబురు చేసి ఉండవలసినది. నేను బుధవారం దాకా ఆగాను. సరుకు పంపిన టోకు వ్యాపారి చేత ముందు ఒప్పించి, తప్పు వాళ్లదని ధైర్యంగా చెప్పుకోగలిగాకే మీ ముందుకు రావాలని పంతం పట్టాను. మొదటి రోజు ఆయన తమ సరుకులో తేడా ఉండదన్నాడు. రెండో రోజు ఫోను ఎత్తలేదు. మూడో రోజు, "ఆ ధరకు మీకు ఏమొస్తుందనుకున్నారు?" అని నవ్వాడు. ఫిబ్రవరిలో ఆయన ధర కొంచెం తగ్గించి, పాత ఖాతాదారుకు ప్రత్యేకమని చెప్పినప్పుడు, నాలుగేళ్ల నమ్మకానికి దక్కిన మర్యాద అనుకుని నేను పొంగిపోయి, మా ఇంట్లో కూడా చెప్పుకున్నాను. బిల్లు మీద 304 అని స్పష్టంగా అచ్చయి ఉంది. ఆయన చివరికి ఇస్తానన్నది, ఈసారి కొనే సరుకులో కొంత తగ్గింపు. ఆయన దగ్గర మరొకసారి కొనే ప్రసక్తి లేదు గనుక ఆ తగ్గింపు ఆయన దగ్గరే ఉంది.

ఆ నాలుగు రోజుల్లోనే, సోమవారం రాత్రి, మరొక ఇంటి వంటగది జాలీని తోసుకుని చింతకాయ అనే చారల పిల్లి వెళ్లిపోయింది. శనివారం నేను ఫోను చేసి ఉంటే ఆ కిటికీ మూసి ఉండేది. దీనికి టోకు వ్యాపారి బాధ్యుడు కాడు, నేనే. ఇల్లు దాటి ఎరగని పిల్లి తప్పిపోతే సాధారణంగా దూరం పోదు, దగ్గరలోనే ఏదో మూల నక్కి, పెంచినవాళ్లు పిలిచినా పలకదు. అందుచేత పగలు కేకలు వేసుకుంటూ వీధులు తిరగడం మాని, రాత్రి రెండు గంటలకు, సందడి అణిగాక, టార్చిలైటు నేల మట్టానికి పట్టుకుని ఆ చుట్టుపక్కల ఇళ్లవారి అనుమతితో వెతికాము. ఆరో రాత్రి మూడిళ్ల అవతల, మెట్ల కింద పేర్చిన కొబ్బరి మట్టల సందులో రెండు కళ్లు మెరిశాయి. చిక్కి సగమైంది గాని దెబ్బలు లేవు. ఆ ఇంటి యజమాని ఒడియావారు. ఆ వేళప్పుడు తలుపు తెరిచి మాకు టీ కూడా ఇచ్చారు.

ఈ సంగతి బజారులో పాకడానికి ఎంతసేపు పట్టదు. మా నాన్నగారి కాలం నుంచి దాణా కొంటున్న ఒక పెద్దాయన, పిల్లిని వీధిలో తిరగనిస్తానని చెప్పినందుకు కిందటి ఏడాది నేను ఇవ్వనని మనసు నొప్పించిన ఆయన, మొన్న కొట్టు ముందు నిలబడి, "మీరు జాలీ కట్టించిన ఇంటి పిల్లే పడిపోనాది గదేటండీ. మా ఇంట్లో ఉంటే మెట్లు దిగి తిరిగొచ్చీది" అన్నారు. నలుగురూ నవ్వారు. ఆయన మాటలో సగం నిజం ఉంది గనుకనే అది నాకు రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు. జాలీ ఉందన్న ధీమాతోనే టీచరుగారు కిటికీ రెక్కలు తెరిచి ఉంచారు, ఆ ధీమా ఇచ్చినది నేను. షరతు ఎత్తివేసి, ఎవరి ఇష్టం వారిదని వదిలేద్దామా అని నిజంగానే ఆలోచించాను. ఇంట్లోవాళ్లు కూడా అదే అన్నారు.

చివరికి ఎత్తివేయలేదు. పిల్లి ఎక్కడి నుంచి పడినా కాళ్ల మీదే పడుతుంది, దానికేమీ కాదు అని ఈ వారంలో నాకు కనీసం పది మంది చెప్పారు. ఎత్తైన భవనాల నుంచి పడి తమ దగ్గరికి వచ్చిన 132 పిల్లుల లెక్కను న్యూయార్కు పశువైద్యులు 1987లో ప్రచురించారు. వైద్యం అందినవాటిలో నూటికి తొంభై బతికిన మాట నిజమే. అయితే ఆ లెక్కలోకి వచ్చినవి ఆసుపత్రి దాకా తెచ్చినవి మాత్రమే, పడినచోటనే పోయినదాన్ని ఎవరూ వైద్యుడి దగ్గరికి మోసుకుపోరు. ఆ పిల్లుల్లో చాలావాటికి ఛాతీ దెబ్బలు తగిలాయి, కొన్నిటికి పళ్లు విరిగాయి, కొన్నిటికి అంగిలి చీలింది. కాళ్ల మీద పడిన మిరియం ఇప్పుడు దవడకు తీగ వేయించుకుని, సిరంజీతో పట్టే మెత్తని మేత మింగుతోంది. చెడినది జాలీ, దాన్ని ఎంచిన నా తీరు. వీధిలో ఎలుకల మందు, కుక్కలు, హైవే మీద లారీలు కిందటి ఏడాది ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. పెద్దాయన మీద నాకు గౌరవం తగ్గలేదు, ఆయన ఖాతా మా పుస్తకంలో అలాగే ఉంది. పిల్లిని మాత్రం ఇవ్వను.

తొమ్మిది ఇళ్లలో ఆరింటికి వేరే చోటు నుంచి తెప్పించిన జాలీ బిగించడం పూర్తయింది. మిగిలిన మూడు ఇళ్లు దసరా లోపల అవుతాయి, ఎందుకంటే దీపావళి టపాకాయలకు బెదిరిన పిల్లి జాలీని ఎప్పుడూ లేనంత బలంగా తోస్తుంది. ఈసారి అంచుల వెంట పట్టీ వేసి, స్క్రూలు జానెడు దూరానికి బదులు నాలుగు వేళ్ల దూరంలో బిగిస్తున్నాము. జాలీకి, పనికి, రెండు పిల్లుల వైద్యానికి మీరు ఒక్క రూపాయి ఇవ్వనవసరం లేదు. సగం పెట్టుకుంటామని ఇద్దరు ముందుకు వచ్చారు, వారికి కృతజ్ఞతలు, కానీ తీసుకోను. దీన్ని నా మొండితనం అనుకున్నా సరే. టీచరుగారికి వాళ్లింటికి వెళ్లి క్షమాపణ చెప్పాను. గడియ గురించి అడిగినది మీ అందరి ముందు కూడా వెనక్కి తీసుకుంటున్నాను. ఇకనుంచి ప్రతి చుట్టనూ తూచి, ముక్కను సోడా నీళ్లలో వేసి చూశాకే బిల్లు చేస్తాము, ఆ పని మా కుర్రవాడి చేతికి అప్పగించాను. మూడో ఇల్లు పూర్తయ్యేదాకా కొత్తగా పిల్లులను ఇవ్వము. వెనుక గదిలో రెండు కూనలు ఉన్నాయి, వాటి కోసం పేరు చెప్పి ఉంచినవారు దయచేసి అప్పటిదాకా ఓపిక పట్టాలి.

ఒక్క మనవి. మార్చినప్పుడు తీసిన పాత జాలీని ఇనప సామాన్లవాడికి అమ్మకండి, ముక్కలైనా సరే కొట్టుకు పంపించండి. తొమ్మిది ఇళ్లదీ ఒక కట్టగా కట్టి ఆ టోకు వ్యాపారి దుకాణానికి తీసుకువెళ్లి, ఆయన కాటా మీదనే తూచి చూపించాలని ఉంది.