చందా ఇవ్వకపోతే ఉద్రిక్తతా?

సంపాదకుల వారికి నమస్కారం.

మా పక్క మండలంలోని ఒక ఊరి జాతర గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు, అందుకే రాస్తున్నాను. ‘జాతర చందాకు నిరాకరణ, గ్రామంలో ఉద్రిక్తత’ అని పెద్ద అక్షరాల్లో వేశారు. లోపల ‘ప్రలోభాలకు లోనై మతం మారిన కుటుంబం’ అని ఒక ముక్క తగిలించారు. ఎవరు ప్రలోభపెట్టారు, ఏమిచ్చి పెట్టారు అన్నది వార్తలో ఎక్కడా లేదు. ఆ ఇంటివాళ్ళు ఏం చెప్పారో అదీ లేదు. గుడి ముందు గుమిగూడిన జనం ఫొటోకు మాత్రం చోటు బాగానే దొరికింది.

ఆ కుటుంబం మా క్రైస్తవ సంఘానికే వస్తుంది కాబట్టి సంగతి నాకు తెలుసు. ఆ ఇంటి కోడలు ఒకప్పుడు గంగమ్మకు పొంగలి పెట్టడంలో ఊళ్ళో అందరికంటే ముందుండేది. కొత్త కుండకు పసుపు పూసి, వేపాకు కట్టి, తెల్లవారకముందే పొయ్యి రాజేసేది. ఆమె విగ్రహాలు ఎందుకు విడిచిపెట్టిందన్నది ఆమె సాక్ష్యం. చెప్పుకుంటే ఆమే చెప్పుకోవాలి, పేపర్లో రాయడానికి నేనెవర్ని? ఎలా విడిచిపెట్టిందో మాత్రం చెబుతాను. వీడియో తీయించుకోలేదు, దేన్నీ పగలగొట్టలేదు, బావిలో వేయలేదు. పటాలు, ఇత్తడి దీపాలు, మొక్కుకు చేయించిన వెండి కళ్ళు అన్నీ గుడ్డతో తుడిచి అత్తగారి చేతికిచ్చింది. అత్తగారు అదే ఇంట్లో పక్క గదిలో ఉంటుంది, ఇప్పటికీ మొక్కుతుంది. ఆవిడ పూజకు వీధి కొళాయి దగ్గర నీళ్ళు పట్టి తెచ్చేది ఈ కోడలే. ఇది మా సంఘంలో కొందరికి నచ్చలేదు. వాళ్ళకు నచ్చకపోతే నచ్చకపోనీ. నడుం వంగని ముసలావిడకు బిందె ఎవరెత్తాలి?

ఇక అధికారులు ఊళ్ళో పెట్టిన శాంతి సమావేశం సంగతి. ఊరి పెద్దలు ఇంటికింత అని చందా వేశారు, వీళ్ళు ఇవ్వలేమన్నారు. దానికే అధికారులు జీపులో దిగారు. అదే ఊరికి మంచి రోడ్డు వేయండని అర్జీలు పెట్టినప్పుడు ఈ జీపు ఎన్నడూ కనపడలేదు. వచ్చిన ఆఫీసరు ఆమెతో, “ఈ ఒక్కసారికి ఇచ్చేయమ్మా, ఐదొందలతో పోయేదేముంది? మీ దేవుడేమీ అనుకోడులే” అన్నాడట. మా దేవుడు ఏమనుకుంటాడో, ఏమనుకోడో చెప్పే అధికారం కూడా రెవెన్యూ వాళ్ళకు ఎప్పుడు ఇచ్చారో నాకు తెలియదు. ఆమె అన్న మాట ఇది: “బోరు మోటారు కాలిపోయినప్పుడు అందరికంటే ముందు ఇచ్చింది మేమే సార్. బడి గోడకు అడగండి, వీధి లైట్లకు అడగండి, ఇస్తాం. మొక్కుబడికి మాత్రం మా చేత్తో ఇవ్వలేం.” ఇంతకంటే మర్యాదగా ఎవరైనా ఏం చెప్పగలరు? చివరికి ‘ఇరువర్గాలూ సంయమనం పాటించాలి’ అని చెప్పి వెళ్ళిపోయారు. ఒక వర్గమేమో ఊరంతా. రెండో వర్గంలో మొగుడు, పెళ్ళాం, బడికెళ్ళే ఇద్దరు పిల్లలు.

కానిస్టేబుల్ నుంచి కలెక్టర్ దాకా అందరూ రాజ్యాంగం మీద ప్రమాణం చేసినవాళ్ళే. మనస్సాక్షి ప్రకారం నడుచుకునే స్వేచ్ఛ గురించి 25వ అధికరణం ఏం చెబుతుందో వాళ్ళకు నేను చెప్పాలా? 1986లో కేరళ పిల్లలు ముగ్గురి కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. వాళ్ళు యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖవారి ఇంటి పిల్లలు. బడిలో జాతీయ గీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవాళ్ళు గానీ, విశ్వాసం ఒప్పుకోదని పాడేవాళ్ళు కాదు. బడి నుంచి తీసేశారు. మన తెలుగు న్యాయమూర్తి చిన్నప్పరెడ్డి గారు ఆ తీర్పు రాశారు, పిల్లలను మళ్ళీ బడిలో చేర్చుకోమన్నారు. జాతీయ గీతం దగ్గరే పిల్లల మనస్సాక్షిని కోర్టు గౌరవించింది. జాతర చందా అంతకంటే గొప్పదా?

చందా ఇవ్వకపోవడం అంటే ఊరిని లెక్కచేయకపోవడం కాదు. దేవునికి లోబడి బతుకుతామని బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు ఇంకో మొక్కులో చేయి కలపలేరు, అంతే. మిగతా అన్నిట్లో ఊరితో కలిసే ఉంటారు, ఉండాలి కూడా. చిత్తూరులో నడివీధి గంగమ్మ జాతరప్పుడు దారి మళ్ళిస్తే మేమూ చుట్టూ తిరిగి పోతాం, ఎవరితోనూ గొడవ లేదు. జాతర మర్నాడు పక్కింటివాళ్ళు మాంసం కూర గిన్నెలో పెట్టి పంపితే తినాలా వద్దా అని మాలో మాకే తేలని వాదన ఉంది. బైబిల్లో అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో దీని మీద అధ్యాయాలే నడిపాడు. విగ్రహం వట్టిదే, తిండి మనల్ని దేవుని దగ్గరికి చేర్చదు, అయినా నువ్వు తినడం చూసి బలహీనుడైన సోదరుడు తడబడతాడంటే మానుకో అన్నాడు. మా ఆవిడ గిన్నె తీసుకుంటుంది గానీ కూర వండుకోలేని పక్క వీధి ఆవిడకు ఇస్తుంది. గిన్నె ఖాళీగా తిరిగి పోదు, అందులో ఏదో ఒకటి వేసి పంపుతుంది. ఇది మీ లెక్కలో ఉద్రిక్తత అవుతుందేమో చూడండి.

మావాళ్ళను కూడా వదలను. ఇంకొకరి దేవుణ్ణి మైకులో తిట్టి, పటాలు తగలబెడుతూ ఫోన్లో వీడియో తీసి పెట్టే బోధకులు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఆ నాలుగు నిమిషాల వీడియోకు ఊళ్ళలో ఇలాంటి కుటుంబాలు ఏళ్ళ తరబడి మాట పడాలి. బైబిల్లోనే, పౌలు బోధతో తన వ్యాపారం దెబ్బతింటుందని ఎఫెసు పట్టణంలో వెండి గుళ్ళు చేసే దేమేత్రి జనాన్ని రెచ్చగొట్టి పెద్ద అల్లరి చేయించాడు కదా. అప్పుడు అక్కడి కరణం, ఈ మనుషులు గుడిని దోచలేదు, మన దేవతను దూషించలేదు అని పౌలు మనుషుల పక్షాన చెప్పి జనాన్ని పంపించేశాడు. ఈ బోధకుల గురించి ఏ అధికారైనా ఆ మాట అనగలడా? పైగా వాళ్ళ సభలకు ఊరి మొదలు నుంచి చివరిదాకా వాళ్ళ ఫొటోలతోనే ఫ్లెక్సీలు. నూనె సీసా మీద ఫొటో, క్యాలెండర్ మీద ఫొటో. ఇంటి గోడకున్న పటం తీయించి ఆ మేకుకే బోధకుడి క్యాలెండర్ తగిలిస్తే ఏం విడిచిపెట్టినట్టు? ధనాపేక్ష కూడా విగ్రహారాధనేనని కొలొస్సయులకు పౌలు రాసిన మాట మీద ఈ సభల్లో ప్రసంగం నేను వినలేదు. కట్నం లెక్కపెట్టుకునేటప్పుడు అది ఎవరికీ గుర్తు రాదు.

ఆ మాటకొస్తే విగ్రహాల పిచ్చి ఏ మతానిదీ కాదు, మన రాష్ట్రానిదే. ఏ కూడలి చూసినా ఒక నాయకుడి విగ్రహం. ప్రభుత్వ రోడ్ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే చెప్పింది. విన్నదెవరు? ఎన్నికల కోడ్ రాగానే వాటన్నిటికీ గుడ్డలు చుడతారు, ఫలితాలు రాగానే విప్పి పూలదండలు వేస్తారు. దండ వేసేవాళ్ళలో ఆదివారం మందిరంలో ముందు వరుసలో కూర్చునే మా పెద్దలూ ఉంటారు.

మళ్ళీ మీ ‘ప్రలోభం’ దగ్గరికే వస్తాను, నన్ను అన్నిటికంటే మండించింది అదే. ఎస్సీ కుటుంబం క్రీస్తును నమ్ముకుంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సడలించారు, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో వాళ్ళు వెనుకబడిన తరగతుల్లో బీసీ-సీ కిందికి వస్తారు. అంటే 15 శాతం కోటా వదులుకుని 1 శాతం కోటాలోకి రావడం. హోదా ఇవ్వమని 2023 మార్చిలో అసెంబ్లీ తీర్మానం చేసి కేంద్రానికి పంపింది, దాని గతి అందరికీ తెలిసిందే. పిల్లల ఉద్యోగాలు పోగొట్టుకునే ఈ బేరాన్ని ప్రలోభం అంటారా? ఆస్పత్రుల సేవను ఎర అనేవాళ్ళు కూడా ఉన్నారు. చిత్తూరులో వేలూరు బస్సెక్కి చూడండి. నుదుట విభూతి, నామం, మెడలో తాయెత్తు ఉన్నవాళ్ళంతా మిషన్ ఆస్పత్రికే పోతుంటారు, తిరిగొచ్చేటప్పుడూ అవి అలాగే ఉంటాయి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగులను చూసిందీ మిషన్ వాళ్ళే. మా తాతల కాలంలో అక్కడికి పోయి బాగుపడి, తిరిగొచ్చి తమ గుళ్ళకే పోయినవాళ్ళు ఈ జిల్లాలో ఎన్ని ఇళ్ళలో లేరు?

ఇప్పుడు అసలు కబురు. ఇది మీ విలేకరికి తెలియదో, తెలిసీ రాయలేదో. మీ వార్త వచ్చినప్పటి నుంచి ఆ ఇంటి ముందున్న వీధి కొళాయికి నీళ్ళు వదలడం లేదు. వాల్వు పాడైందంటున్నారు. పక్క వీధికి మాత్రం శుభ్రంగా వస్తున్నాయి. ఆ కొళాయి మీద ఆధారపడ్డ అమ్మవారి భక్తురాలు, ఆ ముసలి అత్తగారు కూడా నీళ్ళు లేకుండానే ఉంది. పంచాయతీ కార్యదర్శిని అడిగితే తాసిల్దారును అడగమన్నాడు, అక్కడ అడిగితే అది తమ శాఖ కాదన్నారు. మండలంలో ఎవరి శాఖ ఏదో మీ విలేకరికే బాగా తెలుసు కాబట్టి ఆ వాల్వు మీద ఒక వార్త రాయించండి. ఈసారి ఆ ఇంటివాళ్ళను కూడా ఒక మాట అడగమని చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, చిత్తూరు