గ్రహకూటమి వార్త రాసే ముందు ఒక లెక్క కూడా వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. 2025 ఉగాదికి ముందు రోజు, మార్చి 29న, మీనరాశిలో షష్ఠగ్రహ కూటమి అని తెలుగు చానళ్ళలో, ఫోన్లలో వారం ముందునుంచే ఒకటే హోరు. అప్పటికి మా మనవరాలికి తొమ్మిదేళ్ళు. ఎండలు మొదలయ్యాయంటే మా పెరంబూరు ఇంట్లో రాత్రిళ్ళు మిద్దె మీదే పడక. ఆ వారం మాత్రం అది పైకి రానంది. బతిమాలితే చాప చంకన పెట్టుకుని మెట్లదాకా వచ్చి, అక్కడే కూర్చుండిపోయి, "తాతయ్యా, గ్రహాలన్నీ కలిసి లాగితే చంద్రుడు ఊడి వచ్చేస్తాడంట కదా?" అని అడిగింది.

దానికి ఆ మాట చెప్పింది ఒక తెలుగు వీడియో. నేనూ కూర్చుని మొత్తం చూశాను. సముద్రం ఉప్పొంగడం ఉంది, మేడలు కూలడం ఉంది, ఏ రాశివాళ్ళు ఏ రంగు బట్టలు కట్టుకోవాలో ఉంది. ఏ గ్రహం ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె ఒక్కటి లేదు. అంతలో 28న మయన్మార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. ఇక చెప్పేదేముంది, "మేం ముందే చెప్పాం" అంటూ ఇంకో విడత. ఈమధ్య మళ్ళీ అలాంటివే తిరుగుతున్నాయి. అందుకే ఈ ఉత్తరం.

మా అమ్మ 1962 ఫిబ్రవరి సంగతి చెబుతుండేది. మకరరాశిలో అష్టగ్రహ కూటమి. పోతే అందరం ఒక్కచోటే పోదామని నెల్లూరులో మా తాతగారింటికి చుట్టాలంతా చేరారట. వీధిలో హోమాలు, రాత్రంతా భజనలు. మూడు రోజులు గడిచాయి, ఎవరి ఊరికి వాళ్ళు బస్సెక్కారు. అప్పుడు ఆ భయాన్ని కాగితం మీద లెక్క వేసి తీర్చేవాళ్ళు ఊళ్ళో దొరక్కపోయి ఉండొచ్చు. ఇప్పుడు ఆ లెక్క చెయ్యడం హైస్కూలు పిల్లాడి పని.

మార్చి 29నే తీసుకోండి. ఆరింట్లో రాహువు అసలు గోళమే కాదు. చంద్రుడి దారీ సూర్యుడి దారీ ఒకదాన్నొకటి దాటే చోటు. దానికి బరువు లేదు, కాబట్టి లాగడమూ లేదు. సూర్యచంద్రులు కలవడం ప్రతి అమావాస్యకూ ఉన్నదే. ఇక మిగిలింది బుధుడు, శుక్రుడు, శని. శుక్రుడు ఆ వారం మనకు బాగా దగ్గరికొచ్చాడు, అయినా నాలుగు కోట్ల కిలోమీటర్ల పైమాటే. శని 150 కోట్ల కిలోమీటర్లు దాటి ఉన్నాడు. మన కంటికి ఒకే దిక్కున కనిపించినంత మాత్రాన వాళ్ళు ఒకచోట చేరినట్టు కాదు. అమావాస్యకీ పౌర్ణమికీ మెరీనాలో పోటు ఎక్కువ ఉంటుందని జాలరి కుటుంబాలన్నిటికీ తెలుసు. అది చంద్రుడూ సూర్యుడూ చేసే పని. శుక్రుడు ఎంత దగ్గరికొచ్చినా, సముద్రం మీద అతని ప్రభావం చంద్రుడి ప్రభావంలో పదివేలో వంతు కూడా ఉండదు.

చంద్రుడు ఊడిపోతాడా అన్న ప్రశ్న మాత్రం చాలా మంచి ప్రశ్న. ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టారిగా పనిచేసిన నాకే జవాబు చెప్పడానికి ఒక పూట పట్టింది. ఎందుకంటే నిజానికి చంద్రుణ్ణి భూమి లాగే దానికంటే సూర్యుడు రెండింతలకు పైగా లాగుతున్నాడు. మరి పోడేం? సూర్యుడు భూమినీ చంద్రుణ్ణీ దాదాపు ఒకేలా లాగుతాడు, ఇద్దరూ కలిసే అతని చుట్టూ తిరుగుతారు. ఇద్దరి మీదా పడే లాగుడులో ఉన్న కొద్దిపాటి తేడాయే చంద్రుణ్ణి మననుంచి విడదీయడానికి చూస్తుంది. ఆ తేడా గెలవాలంటే చంద్రుడు సుమారు 15 లక్షల కిలోమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. ఉన్నది 3 లక్షల 84 వేల దగ్గర. ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడన్నది నిజమే. అపోలో యాత్రికులు అక్కడ పెట్టివచ్చిన అద్దాల మీదికి లేజర్ కొట్టి కొలుస్తున్నారు. ఆ లెక్కన ఒక్క కిలోమీటరు జరగడానికి 26 వేల ఏళ్ళు.

మరి కక్ష్యలు ఎప్పటికీ చెదరవా? చెదరొచ్చు. కానీ అందుకు గ్రహాలు ఒక్కరోజు వరుసకట్టడం చాలదు. మా ఇంట్లో పాత ఊయల బల్ల ఉంది. మనవరాల్ని దాని మీద కూర్చోబెట్టి, ఒక్కసారి గట్టిగా తోసి వదిలేశాను. కాసేపు ఊగి ఆగింది. తరవాత ఒక్క వేలితో, వెనక్కి వచ్చిన ప్రతిసారీ అదే చోట తోస్తూ పోయాను. పదో తోపుకి కాళ్ళు గోడకి తగిలాయి. గ్రహాల మధ్య జరిగేదీ అదే. ఒకే చోట, ఒకే లయలో, లక్షల ఏళ్ళు పడే చిన్న తోపులు లెక్కలోకి వస్తాయి.

ఈ లయ మన తెలుగువాళ్ళకి కొత్తేమీ కాదు. గురుడు సూర్యుణ్ణి చుట్టడానికి దాదాపు పన్నెండేళ్ళు, అందుకే పన్నెండేళ్ళకోసారి గోదావరికి పుష్కరం. శనికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు, రాశికి రెండున్నర చొప్పున మూడు రాశులకు ఏల్నాటి శని. గురుడు ఐదు చుట్లు తిరిగేసరికి శని రెండు చుట్లు తిరుగుతాడు, అటూ ఇటూగా అరవై ఏళ్ళు. ప్రభవ నుంచి అక్షయ దాకా మన అరవై సంవత్సరాలు అంతే కదా! సరిగ్గా ఈ ఐదు-రెండు లెక్కే ఐరోపా ఖగోళ శాస్త్రజ్ఞుల్ని వందేళ్ళపాటు తిప్పలు పెట్టింది. పాత రికార్డులతో పోలిస్తే గురుడు వేగం పెరుగుతోంది, శని వేగం తగ్గుతోంది. ఇలాగే పోతే ఒకడు సూర్యుడిలో పడి, ఇంకొకడు బయటికి పోతాడా అన్న సందేహం. 1785లో లాప్లాస్ అనే ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు తేల్చాడు: ఇద్దరూ ఒకరినొకరు దాదాపు అదే లయలో తోసుకుంటున్నారు, కానీ ఐదు-రెండు అన్నది పూర్తిగా కచ్చితం కాదు కాబట్టి సుమారు 900 ఏళ్ళలో ఆ తోపు తిరగబడి సర్దుకుంటుంది.

అంతటితో ఆ కథ అయిపోలేదు. 2009లో పారిస్‌లో లాస్కర్, గాస్టినో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సౌరకుటుంబం రాబోయే 500 కోట్ల ఏళ్ళలో ఎలా నడుస్తుందో కంప్యూటర్ మీద 2,501 సార్లు నడిపి చూశారు, ప్రతిసారీ మొదట్లో వెంట్రుకవాసి తేడాతో. నూటికి ఒకటి చొప్పున బుధుడి కక్ష్య బాగా సాగిపోయింది. గురుడి తోపు ఊయల లయలో తగలడమే అందుకు కారణం. ఒక్క లెక్కలో మాత్రం 300 కోట్ల ఏళ్ళు దాటాక భూమిని వేరే గ్రహం ఢీకొట్టే పరిస్థితి వచ్చింది. ఇది దాచాల్సిన విషయం కాదు. మనవరాలికి ఇదీ చెప్పాను. భయపడలేదు. "అయితే మిగతా తొంభైతొమ్మిదిలో ఏమైంది?" అని అడిగింది.

ఇంకొక్క మాట. మన చెన్నై నుంగంబాకంలో, వాతావరణ కేంద్రం ఆవరణలో, 1792 నాటి మద్రాసు అబ్జర్వేటరీ రాతి స్తంభం ఉంది. పది టన్నుల బరువు, పదిహేనడుగుల ఎత్తు. దాని మీద చెక్కిన భాషల్లో తమిళంతోపాటు తెలుగు కూడా ఉంది. ఆ అబ్జర్వేటరీ నుంచే 1866లో పాగ్సన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు సిల్వియా అనే గ్రహశకలాన్ని కనిపెట్టాడు. సిల్వియాకి రెండు చందమామలున్నాయని 2005లో ప్రకటించారు; రెండు చందమామలున్న గ్రహశకలం తెలియడం అదే మొదలు. ఒకటి 33 గంటలకో చుట్టు, ఇంకొకదానికి ఒక చుట్టుకి మూడున్నర రోజుల పైమాటే. రెండూ సిల్వియాకి బాగా దగ్గరగా తిరుగుతున్నాయి కాబట్టి వాటి కక్ష్యలు గట్టివి. ఆకాశం గురించి రాతి మీద తెలుగు చెక్కిన ఊళ్ళో, పిల్లలకి ఆకాశం గురించి తెలుగులో దొరుకుతున్నది ఆ వీడియో ఒక్కటేనా అని నాకు నిజంగా కడుపు మండింది.

పంచాంగం చూడని మనిషిని కాను. మీరు రాశిఫలాలు ఆపాలనీ అనను. ఈసారి కూటమి అని వార్త వస్తే, దాని పక్కనే నాలుగు అంకెలు వెయ్యండి: ఎవరెంత దూరం, ఎవరి బరువెంత. మీ విలేకరి బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థవాళ్ళని ఒక్క ఫోన్ చేసి అడిగితే సరిపోతుంది. వారానికోసారి, రాశిఫలాల పేజీలోనే, ఈ వారం ఏ గ్రహం ఏ దిక్కున కనిపిస్తుందో పది లైన్లు ఇవ్వండి.

2027లో గోదావరి పుష్కరాలకి మీరెలాగూ ప్రత్యేక సంచిక వేస్తారు. ఆ రోజుల్లో పొద్దుగూకాక, మబ్బు లేకపోతే, గురుడు పడమటి ఆకాశంలో మఖ నక్షత్రం దగ్గర మెరుస్తూ ఉంటాడు. రేవుల పటం పక్కన ఆ బొమ్మ కూడా ఒకటి వేయించండి. మా మనవరాలిని రాజమండ్రి తీసుకెళ్ళాలనుకుంటున్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
పెరంబూరు, చెన్నై.