రోహిణి రాకముందే రోళ్లు పగిలేటట్టున్నయి

ఎడిటర్ గారికి నమస్తే,

రోహిణి కార్తె మే 25 దగ్గర గదా వచ్చేది, ఇంకా నెల టైం ఉంది, కానీ మా హన్మకొండల పొద్దున పదికే బయట కాలు పెట్టలేకపోతున్నం. ఒక్క చినుకు లేదు, గాలిల తడి అసలే లేదు. ఈ పొడి ఎండతోని ఉన్న తిప్పలేందంటే చెమట పట్టంగనే ఆరిపోతది, మనకు చెమట పోతున్నట్టే తెల్వదు, దూప అయ్యేసరికే ఒంట్ల నీళ్లు తగ్గిపోయుంటయి.

మిర్చి రైతులకు మాత్రం ఇదే మంచిగుంది, కల్లంల ఆరబోసిన కాయ తడవకుండ ఎనుమాముల మార్కెట్‌కు వస్తది, వాన పడితే తాలైపోయి రేటు పడిపోతది. అందుకే వాన రావాలని మొక్కుదామన్నా నోరు రాదు! మామిడి తోటలోళ్ల కథ వేరే, ఎండకు పిందెలు రాలిపోతున్నయని మా మేనమామ రోజూ ఫోన్ చేసి మొత్తుకుంటడు.

మైదాన ప్రాంతాలల్ల 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువున్నా, లేకుంటే ఏకంగ 45 డిగ్రీలకు చేరినా వాతావరణ శాఖ వడగాలులు అంటది. సరే, కానీ రేకుల షెడ్డు కింద పనిచేసేటోళ్లకు, హమాలీలకు ఆ లెక్కతోని ఏం పని? మా దిక్కు బస్టాపుల నీడనే లేదు, ఉన్న ఒక్క వేపచెట్టును రోడ్డు వెడల్పు చేస్తమని పోయినేడు కొట్టేసిన్రు. ముసలోళ్లు కరెంటు స్తంభం నీడల వరుసగ నిలబడుతున్నరు, చూస్తే నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వదు. కనీసం పరదా కట్టి రెండు కుండలు పెట్టియ్యున్రి సారూ.

– ఒక పాఠకుడు, హన్మకొండ