కడ్డీ పడింది, అందరికీ ధన్యవాదాలు!

నిన్న రాత్రి పదో బిళ్ల తిప్పగానే ఇత్తడి కడ్డీ టక్కున గాళ్లలో పడింది. నిండిన వరుస గొళ్లెం నుంచి ఊడి చేతిలోకొచ్చింది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. పైనుంచి దిగే ముక్కల్ని పేర్చి, అడ్డవరుస నిండితే అది మాయమయ్యే కంప్యూటర్ ఆట టెట్రిస్‌ను చెక్కతో, ఇత్తడితో, దారంతో చేసి ఆడాం! సాయం చేసినవాళ్లు పేర్లు వద్దన్నారు, అందుకని వాళ్లు చేసిన పనులే చెబుతాను.

1984లో అలెక్సీ పజిత్నోవ్ ఈ ఆట రాసిన ఎలక్ట్రానికా 60 కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ లేవు, ముక్కల్ని బ్రాకెట్లతోనే చూపించాడు. అది చదివాకే నాకు చెక్కతో చేద్దామన్న ధైర్యం వచ్చింది. మొదట విడి దిమ్మలతో చేశాను. వరుస లాగేస్తే పైన ఉన్నవి కింది ఖాళీల్లోకి జారిపోయేవి. అసలు ఆటలో అలా జరగదు. పై వరుస తన ఖాళీలతో సహా ఒక మెట్టు దిగుతుంది. ఆ ఖాళీలు మిగలకపోతే ఆటే లేదు. నెలల తరబడి అక్కడే ఆగిపోయాను.

కోడింగ్ చేసే అక్క ఒక్క మాటలో తేల్చేసింది: "గడులు రాలవురా, వరుస దిగుతుంది. మేం నిండిన వరుస తీసేసి పైన ఖాళీది పెడతాం." ఆ రోజే దిమ్మలు పక్కన పెట్టి 20 పట్టీలు మొదలుపెట్టాను. ఒక్కో పట్టీ ఒక వరుస, దానికి తిరిగే బిళ్లలు 10; గడి నిండితే దాని బిళ్ల తిప్పుతాం.

వరుస నిండిందని యంత్రానికి ఎలా తెలియాలి? తాళాలు బాగుచేసే బాబాయి నంబర్ల తాళం విప్పి చూపించారు. చక్రాల గాళ్లన్నీ ఒక వరుసలోకి వస్తేనే కడ్డీ పడుతుంది. "ఇందులో మూడు చక్రాలు, నీకు పది. అంతే కదరా!" కానీ పదింటిలో ఏదో ఒకటి వెంట్రుకవాసి పక్కకుండి కడ్డీ పడేది కాదు. గాడి మూతి ఏటవాలుగా ఉంటే కడ్డీ తనంతట తానే సర్దుకుంటుందని చెప్పి, రెండు ఆదివారాలు కూర్చుని ఆకురాయితో 200 గాళ్లూ ఆయనే రుద్దారు. బాబాయ్, మీ వేళ్ల మీది ఆ ఇత్తడి పొడి నేను మరిచిపోలేను.

ఏడు రకాల ముక్కలు కోసిచ్చిన వడ్రంగి అన్నకూ, గాడులకు మైనం రాసిన మా చెల్లికీ ఎంతో రుణపడ్డాను.

ముక్కను ప్రస్తుతం చేత్తో మర తిప్పి దింపుతున్నాం. గోడ గడియారంలోలా బరువు, లోలకం పెడదామని బాబాయి అప్పుడే కాగితం మీద గీస్తున్నారు.