పాండిలో బండి ఎక్కడ పెట్టాలంటే

తిరుపతి,
ఆదివారం

ఒరేయ్ మునిరత్నం,

నీ మెసేజ్ చూశాను. "పాండిచ్చేరికి పోతా ఉండాం, కారులోనే తిరిగేద్దామా, స్కూటర్ అద్దెకు తీసుకుందామా?" అని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నావు. ఫోన్లో చెప్తే సగం విని "సరే సరే" అంటావు, నీ సంగతి నాకు తెలియదా? అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. చెల్లెమ్మకు కూడా చదివి వినిపించు. ఆమె వింటే ఇవన్నీ గుర్తుంటాయి, నీ మీద నాకు నమ్మకం లేదు.

కారు లాడ్జిలోనే పెట్టేయ్. చిత్తూరు నుంచి వేలూరు, తిండివనం మీదుగా అందులో హాయిగా వెళ్లు. ఊళ్లో అడుగుపెట్టాక మాత్రం దాన్ని కదిలించకు. సముద్రం పక్కనున్న వైట్ టౌన్‌లో, అంటే పాత ఫ్రెంచి పేటలో, ఇరుకు వీధులు, వన్‌వేలు ఎక్కువ. అక్కడ స్కూటరే మేలు. స్కూటర్ అద్దెకు తీసుకోవడం ఎంతసేపు, పది నిమిషాల పని. నడపడం నీకు కొత్తా? శనివారం సాయంత్రం ఆ ఊళ్లో దాన్ని ఎక్కడ ఆపాలో తెలియకే అందరూ అవస్థ పడుతున్నారు. కాబట్టి చూడాల్సిన చోట్ల గురించి కాకుండా బండి పెట్టాల్సిన చోట్ల గురించి రాస్తాను.

ముందు బీచ్ రోడ్డు. దాని అసలు పేరు గూబెర్ అవెన్యూ, కిలోమీటరున్నర దాకా ఉంటుంది. గాంధీ విగ్రహం, పాత లైట్‌హౌస్, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన వాళ్ల కోసం ఫ్రెంచివాళ్లు కట్టించిన స్మారకం, అన్నీ దాని మీదే. రోజూ సాయంత్రం 6 నుంచి మర్నాడు పొద్దున 7:30 దాకా ఆ రోడ్డు మీదకు బళ్లు రానివ్వరు. రోడ్డంతా నడిచేవాళ్లదే. ఐదున్నరకు వెళ్లి సముద్రం ఎదురుగా దర్జాగా ఆపేద్దామని మాత్రం అనుకోకు, కాసేపటికే మళ్లీ తీయాల్సి వస్తుంది. సూర్యోదయం చూడాలన్నా అంతే. తూర్పు తీరం కాబట్టి పొద్దున్నే అందరూ అక్కడికే చేరతారు, ఆ వేళకు రోడ్డు ఇంకా మూసే ఉంటుంది.

మరి ఎక్కడ పెట్టాలి? బీచ్ రోడ్డు నుంచి లోపలికి పోయే అడ్డ వీధుల్లో ఒకటి రెండు వరసలు వెనక్కి వెళ్లు. అప్పటికే బళ్లు వరసగా నిలబెట్టి ఉన్న చోటు చూసి, ఆ వరసలోనే పెట్టు. ఒక్క బండీ లేకుండా ఖాళీగా కనిపించిన చోటును చూసి సంబరపడకు. అంత రద్దీలో అక్కడ ఎవరూ పెట్టలేదంటే దానికో కారణం ఉంటుంది. ఆ కారణం చాలాసార్లు గేటు. ఆ పాత ఫ్రెంచి ఇళ్లకు మన ఇళ్లలాగా ముందు ఖాళీ స్థలం ఉండదు, గోడ నేరుగా వీధిలోకే వచ్చేస్తుంది. ఆ పసుపు గోడలో కలిసిపోయి పెద్ద చెక్క తలుపు ఉంటుంది. రంగు వెలిసి, ఏళ్ల తరబడి ఎవరూ తీయనట్టు కనిపిస్తుంది. నువ్వు బండి పెట్టి పది అడుగులు వేసేలోపు ఆ తలుపు తెరుచుకుని లోపలి నుంచి కారు ముక్కు బయటికొస్తుంది. ఆ ఇంటి పెద్దాయన తమిళంలో అనే మాటలు చిత్తూరోడివి కాబట్టి నీకు పూర్తిగా అర్థమవుతాయి. అదొక్కటే నీకు నష్టం.

ఇంకో చిక్కు ఉంది. ఆ వీధులన్నీ ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ, చదరంగం గళ్లు గీసినట్టు ఉంటాయి. 1693లో డచ్చివాళ్లు ఆ ఊరిని పట్టుకుని ఆరేళ్లు ఉంచుకున్నారు. అప్పుడు గీసిన ప్లానునే తర్వాత ఫ్రెంచివాళ్లు కొనసాగించారంటారు. దారి తప్పడం కష్టమే, కానీ ఏ మూలన బండి పెట్టామో మర్చిపోవడం మహా సులువు. ప్రతి మూలా పసుపు గోడ, కాగితం పూల కొమ్మ, ఫోటో దిగే జంట. అందుకే బండి పెట్టగానే వీధి పేరున్న నీలం బోర్డును ఫోన్లో ఫోటో తీసుకో. తమిళంలోనూ ఫ్రెంచిలోనూ రాసి ఉంటుంది. ఫ్రెంచి పేరు నోటితో గుర్తుపెట్టుకుందామనుకుంటే మన వల్ల కాదు. నంబర్ ప్లేటు ఫోటో కూడా తీయి. అద్దె బళ్లన్నీ అవే రెండు మూడు మోడళ్లు, అవే రంగులు. మేం వెళ్లినప్పుడు మీ వదిన మా బండి హ్యాండిల్‌కు తన ఎర్ర జుట్టు బ్యాండు తగిలించింది. ఎంత దూరం నుంచి చూసినా ఇట్టే పట్టేసేవాళ్లం.

మా పక్క గదిలో బెంగళూరు కుర్రాళ్లు దిగారు. వాళ్ల స్కూటర్ రాత్రి పెట్టిన చోట కనబడలేదు. వీధి తప్పామేమోనని చుట్టుపక్కల వీధులన్నీ వెతికి, ఆఖరికి దొంగలెత్తుకెళ్లారని ఏడుపు మొహాలతో వచ్చారు. పొద్దున తేలిందేమంటే, మలుపులో అడ్డంగా పెట్టారని ట్రాఫిక్ వాళ్లు బండిని లేపుకెళ్లారు. మోటారు వాహనాల చట్టంలో 127వ సెక్షన్ కింద ఆ అధికారం వాళ్లకుంది, ఎత్తుకెళ్లిన ఖర్చు కూడా మన నెత్తినే పడుతుంది. జరిమానా వేరే. మామూలు తప్పులకు 177వ సెక్షన్ కింద మొదటిసారి 500 దాకా, మళ్లీ చేస్తే 1500 దాకా. అద్దె బండికి ఇంకో తలనొప్పి ఏమిటంటే, చలానా మెసేజ్ ఓనరు ఫోనుకు వెళ్తుంది, నీకు రాదు. ఆ అద్దె దుకాణం అతను అడ్వాన్సులో ఎంత కోసుకుంటాడో అతని ఇష్టం. ఆ కుర్రాళ్లకు చలానా చూపించకుండానే కోసుకున్నాడు. నువ్వైతే చలానా నంబరు అడిగి ఆన్‌లైన్‌లో చూసుకున్నాకే డబ్బు వదులు.

మా బావమరిది ఇక్కడ రైల్వే స్టేషన్ దగ్గర ఇదే వ్యాపారం చేస్తున్నాడు కదా, వాడు చెప్పినవి కొన్ని. నంబర్ ప్లేటు నల్లగా ఉండి పసుపు అక్షరాలుంటేనే అది అద్దెకిచ్చే పర్మిట్ ఉన్న బండి. తెల్ల ప్లేటు బండి సొంత వాడకానిది. దాన్ని అద్దెకు తీసుకుంటే నువ్వు వంద రూపాయలు మిగిలాయనుకుంటావు, ఏదైనా గుద్దుకుంటే ఇన్సూరెన్సు వాళ్లు మొహం తిప్పేస్తారు. తీసుకునే ముందు బండి చుట్టూ తిరుగుతూ వీడియో తీయి, ముఖ్యంగా కింద అంచులు, అద్దాలు, సైలెన్సర్ కవరు. రద్దీ వరసల్లో పక్క బండివాడు లాగేటప్పుడు గీతలు పడేది అక్కడే. సముద్రపు గాలికి బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి, అదీ వీడియోలో పడనీ. ఒరిజినల్ లైసెన్సు అడిగితే ఇవ్వకు. డిజీలాకర్‌లో చూపిస్తే పోలీసులకే చెల్లుతుంది, వాడికెందుకు చెల్లదు?

తాళం గుంట మీద షట్టర్ ఉంటుంది చూశావా? ఆకతాయిలు దారిన పోతూ దాన్ని నొక్కి మూసేస్తారు. బెంగళూరు, హైదరాబాదు వాళ్లు నిలబడి తాళం చెవిని పొడుస్తూనే ఉంటారు, అది లోపలికి దిగదు. తాళం చెవి వెనక పక్కనున్న మొనను ఆ గుంట పక్క చిన్న రంధ్రంలో పెట్టి తిప్పితే చాలు, తెరుచుకుంటుంది. ఆ తర్వాత సైడ్ స్టాండ్. కొత్త బళ్లకు స్టాండ్ దించి ఉంటే ఇంజన్ అంటుకోదు. బ్యాటరీ పోయిందని మా బావమరిదికి అర్ధరాత్రి ఫోన్ చేసేవాళ్లలో సగం మంది సమస్య ఇదేనట.

హెల్మెట్ ఒకటే ఇస్తారు, రెండు అడుగు. నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా ఉండాలని చట్టం, లేకపోతే వెయ్యి రూపాయలు. పాప సైజుది చిత్తూరులోనే కొనుక్కుని వెళ్లు, అక్కడ దొరక్కపోవచ్చు. పాప మధ్యలో కూర్చుంటుందిలే అని ముగ్గురూ ఒక్క బండి మీద ఎక్కితే నేను ఊరుకోను. చెల్లెమ్మ నడుపుతుంది కాబట్టి రెండు బళ్లు తీసుకోండి.

కాణిపాకం పక్కన పుట్టి పెరిగి మణక్కుళ వినాయకుణ్ణి చూడకుండా వస్తే చెల్లెమ్మ ఊరుకుంటుందా? ఫ్రెంచివాళ్లు రాకముందు నుంచీ ఉన్న గుడి అది. గుడి ముందుకు బండి తీసుకెళ్లొద్దు, రెండు వీధుల అవతల పెట్టి నడవండి. అక్కడ తొండంతో ఆశీర్వాదం ఇచ్చే ఏనుగు లక్ష్మి 2022 నవంబరులో చనిపోయింది. పాప ఆశపడుతుంది కాబట్టి ముందే చెప్పు. ఆదివారమైతే గాంధీ రోడ్డు, నెహ్రూ వీధి వైపు బండితో పోనేవద్దు. రోడ్డు మీదే సంత పెడతారు, మన గంగమ్మ జాతర రోజు తాతయ్యగుంట దగ్గర ఉన్నంత జనం. చెప్పులు, బట్టలు చవకే, కానీ నడిచి వెళ్లు.

ఊరి బయట ఈ బాధల్లేవు. ఆరోవిల్‌లో విజిటర్స్ సెంటర్ దగ్గర పార్కింగ్ ఉంది, అక్కడ పెట్టి మాతృమందిర్, అదే బంగారు గోళంలా ఉండే ధ్యాన మందిరం, కనిపించే చోటుకు చెట్ల మధ్య నడిచి వెళ్లాలి. పారడైజ్ బీచ్‌కైతే కడలూరు రోడ్డులో చున్నాంబార్ బోట్‌హౌస్ దగ్గర పెట్టి పడవ ఎక్కాలి. టోకెన్ ఇస్తే పారేయకుండా పర్సులో పెట్టుకో, తడిసే చొక్కా జేబులో కాదు. పెట్రోలు మాత్రం మన ఆంధ్రా కంటే చవక, తిరిగొచ్చేటప్పుడు కారు ట్యాంకు అక్కడే నింపుకో. అద్దె బండిలో బంకు దాకా వెళ్లేటంత నూనె ఉంచితే గొప్ప, తీసుకోగానే ముందు బంకుకే పద.

అన్నట్టు, అక్కడి బళ్ల నంబర్లో పీవై అక్షరాలుంటాయి కదా, మన కాకినాడ పక్కనున్న యానాం కూడా పుదుచ్చేరిలో భాగమే కాబట్టి అక్కడ కూడా పీవైయే, దాని తర్వాత 04. అలాంటి బండి కనిపిస్తే ఆగి తెలుగులో పలకరించు. నేను పలకరిస్తే ఒకాయన రాత్రి భోజనానికి మంచి చేపల హోటల్ చూపించాడు. అది కాలువకు అవతల తమిళుల వైపుంది, ఇవతల వైట్ టౌన్ రేట్లలో సగానికే అక్కడ కడుపు నిండింది. బండి కూడా హోటల్ ముందే పెట్టనిచ్చాడు.

రూము ఎక్కడ తీసుకున్నావో రాయి. వైట్ టౌన్ లోపలైతే పార్కింగ్ ఉందా అని డబ్బు కట్టకముందే ఫోన్ చేసి అడుగు. "ఉంది సార్, వీధిలో పెట్టుకోండి" అంటే లేదని అర్థం. బస్టాండు వైపు చూసుకుంటే కారు చోటూ దొరుకుతుంది, అద్దె బళ్ల దుకాణాలూ దగ్గరే. అత్తమ్మను కూడా తీసుకెళ్తున్నారా? అయితే ఆమెకు ఆటో మాట్లాడి పెట్టు, స్కూటర్ వెనక ఎక్కించకు, మోకాళ్లు నొప్పులని పోయినసారే అంది.

పాపకు ముద్దులు. చెల్లెమ్మను అడిగానని చెప్పు. నెల్లో ఓసారి తిరుపతి రారా, మీ వదిన అడుగుతా ఉంది.

నీ,
సుబ్బు