తెల్లబడిన బిల్లుల విషయంలో మా నిర్ణయం

ఏళ్ల తరబడి మా దుకాణానికే వస్తున్న మీకు ఈ సంగతి మరొకరి ద్వారా కాక మా నోటనే తెలియాలని రాస్తున్నాను. గత మూడు నెలల్లో మేము ఇచ్చిన బిల్లుల్లో చాలా వాటి మీద అక్షరాలు చెరిగిపోయాయి. అటువంటి బిల్లుతో వస్తువు వాపసు ఇవ్వడానికి వచ్చిన ఒకావిడను నేను వట్టి చేతులతో తిప్పి పంపాను. తప్పు ఆవిడది కాదు, మాది.

ఆ సాయంత్రం దుకాణం రద్దీగా ఉంది. మా దగ్గర తరచుగా కొనే ఆవిడ ఇస్త్రీ పెట్టె తెచ్చి, కొని పది రోజులే అయిందని, అసలు వేడెక్కడం లేదని చెప్పి, పర్సులోని ప్లాస్టిక్ అరలోంచి బిల్లు తీసి బల్ల మీద పెట్టారు. దుకాణం పేరులో రెండు అక్షరాల నీడ తప్ప దాని మీద ఏమీ లేదు. బిల్లు చూపితేనే డబ్బు వాపసు అన్న నియమం నేను పెట్టిందే కాబట్టి, ‘ఇందులో ఏమీ కనిపించడం లేదమ్మా, దీని మీద డబ్బు ఇవ్వలేను’ అన్నాను. ‘మీరిచ్చిన కాగితమే కదండీ’ అని మాత్రం అని, ఇస్త్రీ పెట్టె తీసుకుని ఆవిడ వెళ్ళిపోయారు. బిల్లు బల్ల మీదే ఉండిపోయింది.

షట్టరు దించాక ఆ కాగితాన్ని దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూస్తే తేదీ, మోడల్ నంబరు లీలగా కనిపించాయి. అనుమానం వచ్చి సొరుగులో ఉన్న మా దుకాణం ప్రతులు తీశాను. రెండు నెలల కిందటివి సగానికి సగం పాలిపోయి ఉన్నాయి. బిల్లు కాగితం పాత రోలు ముక్క ఒకటి మిగిలి ఉంటే దాన్నీ, ఇప్పుడు వాడుతున్న రోలునూ పక్కపక్కన పెట్టి గోటితో గట్టిగా గీశాను. పాతదాని మీద నల్లటి గీత పడింది, కొత్తదాని మీద బూడిద రంగు చార మాత్రమే వచ్చింది.

బిల్లు ప్రింటరులో సిరా ఉండదు. థర్మల్ కాగితానికి పూసిన పూతలోనే పైకి రంగు కనిపించని అద్దకపు పదార్థం, దాన్ని నల్లబరిచే మరో రసాయనం కలిసి ఉంటాయి. ప్రింటరు తల వేడి తగిలిన చోట అవి కరిగి కలవడంతో అక్షరం ఏర్పడుతుంది. మంచి రకం కాగితానికి ఆ పూత మీద రక్షణగా ఇంకొక పొర ఉంటుంది కాబట్టి చీకట్లో, పొడిగా, చల్లగా దాస్తే అక్షరాలు ఏళ్ల పాటు నిలుస్తాయి. ఆ పొర లేని చౌక రకానికి ఎండ తగిలినా, నూనె చేతులు తగిలినా, మెత్తటి ప్లాస్టిక్ కవరులో పెట్టినా అక్షరాలు పోతాయి. జిగురు టేపు కూడా అంతే హాని చేస్తుంది. ఇది తెలియక, బిల్లు ఎక్కడా పోకూడదని మేమే దాన్ని పెట్టె మూత మీద టేపు వేసి అంటించి ఇచ్చేవాళ్ళం. శ్రద్ధ అనుకుని చేసిన ఆ పని మీ బిల్లులను మరింత త్వరగా చెరిపేసిందని ఒప్పుకోక తప్పదు.

అయితే కాగితం రకం మారిందని మాకు చెప్పవలసినవారు చెప్పలేదు. చాలా ఏళ్లుగా ఒకే సరఫరాదారు దగ్గర రోళ్ళు తీసుకుంటున్నాను, ఒక్కసారి కూడా బాకీ పెట్టలేదు. అదే పెట్టె, అదే చుట్టుకాగితం, అదే ధర. లోపల సరుకు మాత్రం వేరు. ఫోన్ చేస్తే మొదట నా ప్రింటరునే తప్పుపట్టారు. రెండోసారి, అక్షరాన్ని నల్లబరచడానికి పూతలో వాడే బిస్ఫెనాల్-ఎ అనే రసాయనం తీసేసిన కాగితం కాబట్టి అలాగే ఉంటుందన్నారు. ఐరోపా సమాఖ్యలో బరువులో 0.02 శాతం, అంతకు మించి ఆ రసాయనం ఉన్న థర్మల్ కాగితాన్ని 2020 జనవరి నుంచి అమ్మనివ్వడం లేదు; మరి అక్కడి దుకాణాలన్నీ తెల్లకాగితాలే ఇస్తున్నాయా అని అడిగితే జవాబు లేదు. చివరికి ‘కాగితం ముక్కే కదండీ, దానికింత రభస ఎందుకు’ అన్నారు. ఆ కాగితం ముక్క మీద మా దుకాణం పేరు ఉంటుంది. విప్పని పెట్టెలు వెనక్కి పంపేశాను. విప్పినవాటికి డబ్బు ఇవ్వనన్నారు, నేనూ అడగదలచుకోలేదు. ఇకపై వారి దగ్గర గుండుసూది కూడా కొనను.

ఇక నన్ను వారం రోజులు నిద్రపోనివ్వని విషయానికి వస్తాను. బిల్లు అడగడమే మానేద్దామని ఇంట్లోవాళ్ళు, మా దుకాణంలో పనిచేసే అబ్బాయి కూడా సలహా ఇచ్చారు. ఆలోచించి ఆలోచించి, మాననని నిర్ణయించుకున్నాను. మీ మాట మీద నమ్మకం లేక కాదు. వస్తువు ఇక్కడే కొన్నదని, ఏ రోజు కొన్నదని, తగ్గింపు పోను ఎంత కట్టారని చెప్పేది బిల్లే. కార్డు మీద కట్టిన సొమ్ము అదే కార్డుకు తిరిగి వెళ్ళాలంటే ఆనాటి లావాదేవీ నంబరు కావాలి. కంపెనీ వారంటీ లెక్క మొదలయ్యేది కూడా బిల్లు తేదీ నుంచే. గతంలో ఒకతను వేరే చోట కొన్న ఫ్యాను తెచ్చి మా దగ్గరదేనని వాదిస్తే, మొహమాటానికి డబ్బు ఇచ్చి నష్టపోయాను. ఆ నష్టం కన్నా, నన్ను అమాయకుడిగా లెక్కగట్టాడన్న బాధే ఎక్కువ కాలం ఉండిపోయింది. నా పట్టుదలలో దాని పాలు కూడా ఉందని దాచను.

కానీ మేమిచ్చిన కాగితం చెరిగిపోతే ఆ భారం మీ మీద వేయడం అన్యాయం. అందుకని ఈ మూడు నెలల కొనుగోళ్ళకు, వాపసు గడువు దాటిపోయినా సరే, వచ్చే నెలాఖరు వరకు చెరిగిన బిల్లును మంచి బిల్లుగానే తీసుకుంటాము. కార్డు మీద గానీ ఫోన్ ద్వారా గానీ కట్టినవారు ఆ సందేశం చూపితే చాలు. నగదు ఇచ్చినవారు సుమారుగా ఏ రోజు కొన్నారో చెబితే ఆ రోజు అమ్మకాల పద్దులో మేమే వెతుకుతాము. పద్దులో దొరకకపోతే వస్తువు మా దగ్గర అమ్మే రకమేనా అని చూసి, మీ మాట మీదే డబ్బు ఇస్తాము. ఈ చివరి మాట రాయడానికి నాకు చాలా సమయం పట్టింది, అయినా దీనికి కట్టుబడి ఉంటాను.

పై పొర ఉన్న రోళ్ళు మరొకరి దగ్గర తీసుకున్నాము. వస్తువు సీరియల్ నంబరును ఇకపై పద్దులో రాసుకుంటాము. టేపు వేయడం మానేశాము. బిల్లు అందగానే దాన్ని ఫోనులో ఫోటో తీసుకుని, కాగితాన్ని మామూలు కాగితపు కవరులో ఉంచండి. దయచేసి లామినేషన్ మాత్రం చేయించకండి, ఆ వేడికి బిల్లు మొత్తం నల్లబడిపోతుంది.

ఇస్త్రీ పెట్టె తెచ్చినావిడ కొన్న రోజు పద్దు తీసి చూశాను. ఆ మోడల్ ఆ రోజు ఒక్కటే అమ్ముడైంది, వెతకడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆవిడ నగదు ఇచ్చారు, ఫోన్ నంబరు మా దగ్గర లేదు. ముఖం బాగా ఎరిగినదే గానీ ఇల్లు ఎక్కడో తెలియదు. డబ్బు కవరులో పెట్టి, ఆ తెల్ల బిల్లుతో పాటు సొరుగులో ఉంచాను. ఆవిడను ఎరిగినవారు ఎవరైనా ఇది చదివితే, ఒకసారి రమ్మని నా మాటగా చెప్పండి.