వార్షిక నివేదిక: కార్యదర్శి సమర్పణ

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

వైద్య శిబిరం, మొక్కల పెంపకం, గ్రంథాలయం పనులు ఎప్పటిలాగే నడిచాయి. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది మాత్రం విశాఖ బీచ్ రోడ్డులోని టీయూ-142 విమాన మ్యూజియం సందర్శన.

మన పిల్లలు తరచూ ఆ దారినే వెళ్తారు గానీ లోపల అడుగుపెట్టినవాళ్ళు తక్కువ. 1988లో నౌకాదళంలో చేరి, 2017 మార్చి 29న అరక్కోణంలో వీడ్కోలు అందుకునేదాకా 29 ఏళ్ళు మన సముద్రాలను కాచిన విమానాల్లో అదొకటి. ఎగురుకుంటూ విశాఖ వచ్చాక, విడదీసి రోడ్డు మీద తెచ్చి తీరాన మళ్ళీ బిగించారు. 2017 డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు.

ఒకప్పుడు ఈ విమానాలకే మరమ్మతులు చేసిన మన సభ్యులొకరు ఆ రోజు వెంట ఉండడం మన అదృష్టం. ఒక్కో ఇంజనుకు రెండేసి ప్రొపెల్లర్లు ఎందుకని ఒక పాప అడిగింది. రెండూ ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయని, ముందుది సుడి తిప్పి వదిలిన గాలి బలాన్ని వెనకది వృథా పోనివ్వదని ఆయన అరచేతులు తిప్పుతూ చూపించారు. పైనుంచి జారవిడిచిన సోనోబోయ్‌లనే తేలే పరికరాలు నీటి అడుగు చప్పుళ్ళు విని విమానానికి పంపేవని, జలాంతర్గాముల జాడ అలా పట్టేవారని చెబుతుంటే పిల్లలు కదల్లేదు. ఆయన ఓపికకు సంఘం తరఫున శతకోటి వందనాలు.

బస్సు సమకూర్చిన దాతకు, పులిహోర పొట్లాలు కట్టిన మహిళా విభాగానికి, మెట్ల దగ్గర పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని ఎక్కించిన కుర్రవాళ్ళకు, కోశాధికారి గారికి కృతజ్ఞతలు.

చెప్పక తప్పని మాట ఒకటి. వాలంటీర్లుగా పేర్లిచ్చినవారిలో చాలామంది ఆ ఉదయం ఫోను కూడా ఎత్తలేదు. పిల్లల బాధ్యతంతా నలుగురైదుగురి మీదే పడింది. రాలేకపోతే ముందురోజైనా చెప్పండి, ఇంకొకరిని చూసుకుంటాం. ఇక మన వీధి కాలువ గురించి ఎన్ని వినతిపత్రాలిచ్చినా సంబంధిత అధికారి నుంచి ఇప్పటికీ జవాబు లేదు. ఈసారి సభ్యులే కదిలి వెంట వస్తే తప్ప పని జరగదు.

జమాఖర్చుల పట్టిక ఈ నివేదికకు జతపరిచాం. ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

వచ్చే ఏడాది ఆ విమాన మ్యూజియానికి ఎదురుగానే ఉన్న కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి వెళ్దామని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. వాలంటీర్ల పేర్లు ఈ సమావేశంలోనే రాసుకుంటాం.

ఇట్లు,
కార్యదర్శి